భవాని కోసం పోసిన నారు

ఈ మధ్య తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళి మాట్లాడి వచ్చాను. బయోటెక్నాలజీ చదువుతున్న పిల్లలు. నేను మాట్లాడడం అయ్యాక ఒకమ్మాయి లేచి, "సార్, మూలకణాల మీద పనిచెయ్యాలంటే మేం ముందుగా ఏం నేర్చుకోవాలండీ?" అని అడిగింది. మైక్రోస్కోపు ముందు ఓపిగ్గా కూర్చోవడం గురించీ, పరిశోధన పత్రాలు చదివే పద్ధతి గురించీ ఏదో చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏలూరు తిరిగి వస్తూ బస్సులో కూర్చున్నాక, ఆ పిల్లకు చెప్పవలసింది చెప్పలేదని తెలిసింది. అది చెప్పాలంటే ఒక కుటుంబం గురించి చెప్పాలి. వాళ్ళకు నేను చేసిన దాని గురించి చెప్పాలి. రెండు నిమిషాల్లో అయ్యేది కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నా ఉద్యోగంలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానన్నది ఎవరికీ పనికిరాదు కాబట్టి దాని జోలికి పోను. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో చాలా ఏళ్ళు పనిచేశాననీ, చివరి సగం ఒకే పని మీద గడిపాననీ తెలిస్తే చాలు. ఆ పని, మనిషి ఒంట్లోంచి మామూలు కణాన్ని తీసి మళ్ళీ మూలకణంగా మార్చడం.

పని ఎలా ఉంటుంది

మనందరం ఒకే ఒక్క కణం నుంచి మొదలయ్యాం. అది రెండై, నాలుగై, పెరిగేకొద్దీ కొన్ని చర్మమయ్యాయి, కొన్ని గుండె, కొన్ని కన్ను. చర్మంగా స్థిరపడిన కణం ఇక చర్మంగానే బతుకుతుంది. అయితే కన్ను ఎలా కట్టాలో, గుండె ఎలా కట్టాలో చెప్పే సమాచారం దానిలోంచి పోలేదు. మూతపడి ఉంటుంది, అంతే. నాలుగు జన్యువులను ఆ కణంలోకి పంపితే మూతలు తెరుచుకుంటాయనీ, అది తాను చర్మమన్న సంగతి మరిచిపోయి మొదటి స్థితికి వెళ్తుందనీ జపాన్‌లో కనిపెట్టారు. ఆ వార్త చదివిన రోజు నేను భోజనానికి కూడా లేవలేదు. అప్పటిదాకా ఏ అవయవంగానైనా మారగల మూలకణాలంటే పిండాల నుంచి తీయవలసిందే. ఇప్పుడు ఎవరి చర్మం నుంచి వాళ్ళకే తయారు చెయ్యవచ్చు.

వినడానికి మంత్రంలా ఉంటుంది. చెయ్యబోతే ఇంట్లో పాడి పశువు ఉన్నట్టు ఉంటుంది. కణాలకు రోజూ పోషక ద్రవం మార్చాలి. ఆదివారం లేదు, పండగ లేదు. నాలుగు జన్యువులూ పంపాక వారాల తరబడి ప్లేటు నిండా చచ్చిన కణాలే కనిపిస్తాయి. అప్పుడెప్పుడో ఒక మూల చిన్న గుంపు లేస్తుంది. అంచులు తేటగా, లోపల కణాలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. దాన్ని మైక్రోస్కోపు కింద సన్నటి గాజు గొట్టంతో తెంపి వేరే ప్లేటులో పెట్టాలి. దారి తప్పి మళ్ళీ ఏ నరంగానో, ఎముకగానో మారుతున్నవాటిని రోజూ గీకి పారెయ్యాలి. కలుపు తీసినట్టే.

ఈ పోలికలు నాకు సహజంగా వస్తాయి. మాది తాడేపల్లిగూడెం పక్క పల్లె, వరి పండించే ఇల్లు. ఈ పోలికలతోనే నేను చెడిపోయాను.

ఇద్దరు అధికారులు

నేను మొదట పనిచేసింది ఒక మేడమ్ దగ్గర. పొట్టి మనిషి, గొంతు మాత్రం కారిడార్ చివరిదాకా వినిపించేది. "టెస్టు చెయ్యని ప్లేటు ఖాళీ ప్లేటుతో సమానం" అనేది. ఒకసారి నేను నెలలు పెంచిన కణాలను, సూక్ష్మజీవుల పరీక్ష చేయించలేదన్న కారణంతో నా కళ్ళముందే బ్లీచు పోసి పారబోయించింది. అప్పుడు ఆమెను మనసులో తిట్టుకున్నాను. మేడమ్ రోగులతో మాట్లాడవలసి వస్తే ముందుగా అనే మాట ఒకటే ఉండేది. "దీనివల్ల మీకు ఏ లాభమూ ఉండదు. ఇది తెలిసే ఇస్తున్నారా?" చాలామంది లేచి వెళ్ళిపోయేవారు. ఆమెకు మనుషులతో మాట్లాడడం రాదని మేం నవ్వుకునేవాళ్ళం.

తరువాత వచ్చిన డైరెక్టరుగారు వేరే రకం. చెడ్డవాడు కాదు. అందరినీ భుజం మీద చెయ్యివేసి పలకరించేవాడు. "రోగి మన దగ్గరికి వస్తే ఆశతో తిరిగి వెళ్ళాలయ్యా" అనేవాడు. ఆయన హయాంలో నేను మాట్లాడడం బాగా నేర్చుకున్నాను. పల్లెటూరి మనుషులకు సైన్సు విడమరిచి చెప్పడంలో నా అంతవాడు లేడని పేరు వచ్చింది. ఆ పేరు నాకు ఇష్టంగా ఉండేది.

గణపవరం దాటాక

ఏలూరులో నా చిన్ననాటి స్నేహితుడొకడు కళ్ళ డాక్టరు. అతనే భవాని సంగతి చెప్పాడు. అప్పటికి ఆ పిల్ల ఇంటరు చదువుతోంది. మొదట రేచీకటి అనుకున్నారు. సాయంత్రమైతే చేపల చెరువు గట్టు మీద తడబడేది. తరువాత పగలు కూడా పక్కనున్నవి కనిపించడం మానేశాయి. కంచంలో అన్నం కనిపిస్తుంది, కంచం పక్కన గ్లాసు కనిపించదు. కంటి వెనకపొరలో కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అది. పుట్టుకతో వచ్చేది, మందు లేనిది.

వాళ్ళ నాన్న సూర్యారావుగారిది గణపవరం దాటాక ఒక పల్లె. కొంత వరి, ఒక చేపల చెరువు. భార్య అన్నపూర్ణగారు ఆయనకు అక్క కూతురే. నేను వెళ్ళిన రోజు వరండా నిండా తవుడు బస్తాలు ఉన్నాయి. వాటిని జరిపి నాకు కుర్చీ వేశారు. కణం, జన్యువు, కంటిపొర అంటూ నేను చెబుతుంటే అన్నపూర్ణగారు ప్రతి మాటకూ "ఆయ్, ఆయ్" అంటున్నారు గాని ముఖం చూస్తే ఏమీ ఎక్కుతున్నట్టు లేదు.

"డాక్టరుగారూ, మాలాంటోళ్ళకి అర్థమయ్యేలా చెప్పండి. చర్మం తీసుకెళ్ళి కన్నెలా చేస్తారండీ?" అన్నారు సూర్యారావుగారు.

నేను డాక్టరును కాను. వైద్యం చదవలేదు. నా పేరు ముందున్నది పరిశోధనకు ఇచ్చిన పట్టా. ఆ మాట అప్పుడు చెప్పలేదు.

వాళ్ళ ఇంటి ఎదురుగా నారుమడి పచ్చగా ఉంది. అటు చూపించి అన్నాను. "పండి కోసేసిన వరి దుబ్బును మళ్ళీ నారుగా మార్చగలిగితే ఎలా ఉంటుందండీ? మేం చేసేది అదే. అమ్మాయి చర్మంలోంచి చిన్న ముక్క తీసుకెళ్తాను. దాన్ని నారు చేస్తాం. ఆ నారులోంచి కంటిపొర తయారవుతుంది."

సూర్యారావుగారి ముఖం విచ్చుకుంది. "అంటే నారు మీరు పోస్తారు. తర్వాత తెచ్చి నాటుకునే ఊడ్పులేనన్నమాట!"

"అంతేనండీ" అన్నాను.

గుమ్మం దగ్గర నిలబడిన భవాని పకపకా నవ్వింది. "కంట్లో ఊడ్పులేంటి నాన్నా? కూలోళ్ళు ఎక్కడ నిలబడతారంట?"

అందరం నవ్వాం. చర్మం ముక్క తీయడానికి ఒప్పుకున్నారు. సంతకం పెట్టిన కాగితంలో ఇది పరిశోధనకే గాని వైద్యానికి కాదని ఉంది. అది చదివి వినిపించాను కూడా. కాని వాళ్ళు విన్నది నారు మాట.

ఆ మాటకు అక్కడ ఎంత బరువుందో నాకు తెలియనిది కాదు. కొల్లేరు వైపు పల్లపు చేలవాళ్ళు, నారు మునిగిపోతుందన్న భయంతో, మెరకన చేలున్నవాళ్ళ దగ్గర నారు పోయించుకుంటారు. విత్తనం ఒకరిది, మడి ఒకరిది. దానికి ఒక మర్యాద ఉంది. నారు ఊడ్పుకు వచ్చినా కబురు చెయ్యాలి, కుళ్ళిపోయినా కబురు చెయ్యాలి. అవతల మనిషి చేను దమ్ము చేసి, నీళ్ళు కట్టుకుని కూర్చుని ఉంటాడు. కుళ్ళిపోయిందని చెబితే ఇంకొకరి దగ్గరైనా అడిగి తెచ్చుకుంటాడు. చెప్పకపోతే ఆ చేను అలాగే బీడు పడుతుంది. మా నాన్న ఒకసారి ఎవరిదో నారు ఎండిపోతే, ఆ కబురు చెప్పడానికి జ్వరంతోనే సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు. అది చూస్తూ పెరిగినవాణ్ణి నేను.

తొందరేం లేదు

నా స్నేహితుడు, ఆ కళ్ళ డాక్టరు, సూర్యారావుగారికి ఒక సలహా ఇచ్చాడు. చూపు కొంచెమైనా ఉండగానే పిల్లను విశాఖపట్నంలో శిక్షణకు పంపమన్నాడు. వేళ్ళతో చదవడం, కర్రతో నడవడం, మాట్లాడే కంప్యూటరు మీద పనిచెయ్యడం, ఇవన్నీ చూపు పూర్తిగా పోయాక నేర్చుకోవడం కంటే ముందే నేర్చుకోవడం మేలని.

సూర్యారావుగారు నాకు ఫోను చేశారు. "పంపమంటారాండీ? కళ్ళొచ్చేస్తాయి కదా, మళ్ళీ కర్రెందుకని దాని అమ్మ అంటందండీ. చేతిలో కర్ర చూస్తే ఊళ్ళో గుడ్డిపిల్లని పేరు పడిపోద్ది. మీరేమంటే అదేనండీ."

మీరేమంటే అదే. ఆ ఒక్క ఫోనుకు నేను సరిగ్గా జవాబు చెప్పి ఉంటే ఈ వ్యాసం రాయవలసి వచ్చేది కాదు. పంపమని చెప్పడమంటే, నా కణాలు ఆ పిల్లకు అందవని ఒప్పుకోవడం. అప్పటికి మా దగ్గర తయారైంది ఏమీ లేదు. అంతా అనుకున్నట్టు జరిగినా, ప్లేటులో కణం మనిషి కంట్లోకి వెళ్ళడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అసలు వెళ్తుందో లేదో చెప్పలేం. అదంతా నాకు తెలుసు. అయినా అటునుంచి వస్తున్న ఆ గౌరవం చెవికి తియ్యగా ఉంది.

"తొందరేం లేదులెండి, చూద్దాం" అన్నాను.

ఊద

ఆ రోజుల్లో నాతో శ్రీలత అనే రీసెర్చ్ స్కాలర్ పనిచేసేది. భవాని చర్మ కణాల నుంచి మొదట కొన్ని గుంపులు లేచాయి. చాలావరకు నత్తనడక. ఒక్కటి మాత్రం ఏపుగా, మిగతావాటి కంటే ముందుగా ప్లేటు నింపేసింది. నేను మురిసిపోయి దాన్నే ఉంచి, నెమ్మదిగా పెరిగేవాటిని పారేయించాను.

"సార్, నాలుగైదు గుంపులు ఉంచుకుందామండీ. క్రోమోజోముల పరీక్ష అయ్యేదాకానైనా" అంది శ్రీలత.

"అన్నిటికీ ద్రవం ఎవరు మారుస్తారమ్మా? బాగున్నది కళ్ళముందు కనపడుతుంటే!" అన్నాను.

పరీక్ష ఆలస్యంగా చేయించాను. ఫలితం తీసుకుని శ్రీలత నా గదికి వచ్చి నిలబడింది, కూర్చోలేదు. ఒక క్రోమోజోములో కొంత భాగం రెట్టింపై ఉంది. అందుకే అది అంత వేగంగా పెరిగింది. అలాంటి కణం మనిషి ఒంట్లోకి వెళ్తే కణితి అయ్యే ప్రమాదం ఉంది. నారుమడిలో ఊద అని ఒక కలుపు వస్తుంది. చూడడానికి వరిలాగే ఉంటుంది, ఇంకాస్త పచ్చగా, ఎత్తుగా. మా ఊళ్ళో కలుపు తీసే ఆడవాళ్ళెవరూ దాని పచ్చదనం చూసి మోసపోరు. నేను వరిని పీకేసి ఊదను పెంచాను.

దాచిన చర్మ కణాలు ఇంకా కొన్ని ఉంటే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఉన్నవాటిని అప్పటికే తొందరపడి వాడేశాను. కొత్తగా తీసుకోవాలంటే ఏం జరిగిందో ఆ ఇంటికి చెప్పాలి. ఇంతలో డైరెక్టరుగారి ఆసక్తి వేరే జబ్బు మీదికి మళ్ళింది. "అది వదిలెయ్యవయ్యా, కన్ను కష్టం" అన్నాడు. వదిలేశాను. ప్లేట్లలో బ్లీచు పోసింది నేనే.

"వాళ్ళకి చెప్పాలి కదండీ?" అని అడిగింది శ్రీలత.

"నేను చెబుతాలే."

ఈ తప్పులో పరీక్ష ఆలస్యం చెయ్యడాన్ని నేను పెద్దగా లెక్కపెట్టను. కణాలు చెడతాయి. మంచి చేతుల్లోనూ చెడతాయి. కబురు చెయ్యకపోవడమే తప్పు.

వస్తోందండీ

సూర్యారావుగారు ఏడాదికి రెండుసార్లు, సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ ఫోను చేసేవారు. ఎప్పుడూ విసుక్కోలేదు. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం కాదండీ. నారు ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని."

"వస్తోందండీ. ఇది ఆలస్యమయ్యే పని."

"మరేనండీ. మంచిపని కదండీ, ఆలస్యమవ్వుద్ది."

మొదటిసారి చెప్పలేకపోయాను. రెండోసారి, మొదటిసారి ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి కదా అనిపించింది. తరువాత ప్రతిసారీ చెప్పవలసింది పెరుగుతూ పోయింది.

ఒకసారి ఆయన వేళ కాని వేళ ఫోను చేశారు. గొంతులో ఆదుర్దా ఉంది. ఎక్కడో మూలకణాల ఇంజెక్షను కంట్లో వేస్తారట, తెలిసినవాళ్ళెవరో చెప్పారట. ఇలాంటి దుకాణాల గురించి కొత్తగా వచ్చేవాళ్ళకు గట్టిగా చెబుతున్నాను. మనం చేసే పని పేరు పెట్టుకుని, కడుపు కొవ్వులోంచి ఏదో తీసి కంట్లో గుచ్చేవాళ్ళు ఉన్నారు. అలాంటిదాని వల్ల మిగిలిన కాస్త చూపూ పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నేను కంగారుపడి అరిచాను. "వద్దండీ! అసలు వద్దు. అది మోసం."

"మరి మనయ్యి ఎప్పుడొస్తాయండీ? పిల్లకి పుస్తకం కూడా కనబడట్లేదండీ ఇప్పుడు."

"వస్తాయి. మనవి ఉండగా అవెందుకు?"

మనవి లేవు. అప్పటికి పారబోసి చాలా కాలమైంది. ఆయన నా మాట విని అక్కడికి వెళ్ళలేదు. ఆ రోజు ఆ పిల్ల కంటిని నేనే కాపాడానని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం ఆడకుండా కూడా కాపాడవచ్చునన్నది అప్పుడు తోచలేదు.

అన్నపూర్ణగారు ఒక్కసారే ఫోనులో మాట్లాడారు. "మా మేనరికం వల్లేనాండీ దీనికిలా?" అని. అలాంటి పెళ్ళిళ్ళలో ఇలాంటి జబ్బులు రావడానికి అవకాశం ఎక్కువన్నది నిజం. అది ఆమె తప్పు కాదన్నదీ నిజం. రెండూ కలిపి నిదానంగా చెప్పవలసింది. నేను "అవన్నీ ఇప్పుడెందుకులెండమ్మా" అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

నారు సారు

రిటైరై ఏలూరులో స్థిరపడ్డాక, ఒక సాయంత్రం నా స్నేహితుడు అన్నాడు. "గణపవరం పిల్ల వచ్చింది. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, అంతే. వాళ్ళ నాన్న ఇంకా నీ నారు కోసం చూస్తున్నాడురా. ఏం చెప్పావు నువ్వు?"

ఆ వారమే వెళ్ళాను. వాకిట్లో ఇప్పుడు సిమెంటు చప్టా. భవాని ఒక్కతే పీట మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. వేళ్ళు చకచకా కదులుతున్నాయి.

"ఎవరండీ?"

"నేనమ్మా. హైదరాబాదు నుంచి వచ్చేవాణ్ణి..."

"నారు సారా!" నవ్వేసింది. "ఇంట్లో మిమ్మల్ని అలాగే అంటామండీ, ఏమనుకోకండి. నాన్న చెరువు మీదున్నారు, మేత వేయించడానికి. వచ్చేస్తారు. కూర్చోండి. కుర్చీ మీ ఎడం పక్కనుండాలి, ఎవరూ జరపకపోతే."

కూర్చున్నాను. "భవానీ, నీకో సంగతి చెప్పాలి."

"కుళ్ళిపోయిందాండీ?"

"నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"నెల దాటితే నారు ముదిరిపోద్ది కదండీ" అంది, చెయ్యి ఆపకుండానే. "మీది పదేళ్ళు దాటి మడిలోనే ఉంది. కళ్ళు పోయాయి గాని, నేనూ రైతు పిల్లనే కదండీ."

"మరి నాన్నగారితో అనలేదా?"

"ఎన్నిసార్లన్నానో. 'నీకేం తెలుసు, డాక్టరుగారు వస్తోందన్నారు' అంటారు. మీ మాట మీదికి నా మాట వెళ్తాదా?" ఈసారి ఆమె చెయ్యి ఆగింది. "విశాఖలో నాలాంటోళ్ళకి కంప్యూటరు నేర్పే చోటుందండీ. ఫోను చేసి మాట్లాడుకున్నాను. ఈ వయసులో వస్తానంటే తీసుకుంటారా అనడిగితే, రమ్మన్నారు. నాన్న పంపరు. మీరు ఊడ్పుకి రమ్మన్న రోజు నేను ఇంట్లో లేకపోతే ఎలాగంట! మీరే చెప్పాలండీ. నాక్కాదు, ఆయనకి. నేనూ ఇక్కడే కూర్చుంటాను, ఎదురుగా."

సూర్యారావుగారు వచ్చారు. జుట్టంతా నెరిసింది. నన్ను చూడగానే కాళ్ళు కడుక్కోకుండానే దగ్గరికి వచ్చి, "వచ్చేసిందాండీ?" అన్నారు.

ఎలా చెప్పానో నాకు సరిగా గుర్తు లేదు. అంతా చెప్పాను. ఏపుగా పెరిగినదాన్ని నమ్మి మిగతావి పారేయించడం, అది చెడ్డదని తేలడం, నా చేత్తో పారబొయ్యడం, తరువాత ఇన్నేళ్ళూ వస్తోందని చెప్పడం. విశాఖ పంపమనాల్సిన రోజున తొందరేం లేదన్నది కూడా. చివర, "నేను డాక్టరును కూడా కాదండీ. వైద్యం చదవలేదు" అన్నాను.

"అదీ ఇవాళే చెబుతున్నారాండీ?" అన్నారాయన.

గుమ్మంలోంచి అన్నపూర్ణగారు బయటికి వచ్చారు. ఆమె గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు. "ఒక్క ఫోనండీ! ఒక్క ఫోను చేస్తే దాన్ని అప్పుడే పంపేవాళ్ళం కదండీ! కర్ర పట్టుకుంటే పేరు పడిపోద్దని దాన్ని గుమ్మం దాటనిచ్చానా నేను? వినాయకచవితికి పందిరి దాకా కూడా పంపలేదండీ!" భవాని లేచి, గొంతు వచ్చిన వైపు నాలుగడుగులు వేసి, తల్లి భుజం వెతికి పట్టుకుంది.

సూర్యారావుగారు చెరువు వైపు తిరిగి కూర్చున్నారు. తిడతారనుకున్నాను. ఆయన ఒకటే అన్నారు.

"కుళ్ళిన నారైనా గట్టు మీద వేసి కబురు చేస్తామండీ. చేనుగలాయనొచ్చి కళ్ళతో చూసుకుంటాడని."

తరువాత కూతురి వైపు తిరిగి, "ఎప్పుడెళ్ళాలమ్మా?" అని అడిగారు.

అడిగిన అమ్మాయికి

కాలేజీలో నన్ను అడిగిన అమ్మాయీ, ఈ పని మంచిది. నా వల్ల అది చెడ్డది కాలేదు. కొన్ని దేశాల్లో ఇలా తయారుచేసిన కణాలను కొద్దిమంది కళ్ళలో పెట్టి చూస్తున్నారు. అది ఇంకా పరీక్షే, వైద్యం కాదు. ఎప్పటికైనా అవుతుందని నేనూ నమ్ముతున్నాను. నువ్వు చెయ్యి. చర్మం ఇచ్చిన మనిషికి మాత్రం, మా మేడమ్ చెప్పినట్టు, ముందే చేదుగా చెప్పు. లేచి వెళ్ళిపోతే వెళ్ళనియ్యి. కణాలు చెడిపోయిన రోజే ఫోను చెయ్యి. వాళ్ళు నిన్ను మెచ్చుకుంటున్నప్పుడు నువ్వేం చెబుతున్నావో చూసుకో. నేను అక్కడే జారాను. నేను చేసింది క్షమించమని ఆ ఇంటిని అడగలేదు. అడిగితే మర్యాదస్థులు కాబట్టి, సరేలెండి అంటారు. ఆ మాట వాళ్ళ చేత అనిపించుకునే హక్కు నాకు లేదు.

తాడేపల్లిగూడెం స్టేషనులో

భవాని వెళ్ళే రోజున స్టేషనుకు రావచ్చునా అని అడిగాను. "రండి, సంచీ మోద్దురుగాని" అంది.

విశాఖ బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని మైకులో చెప్పారు. జనం ఒక్కసారిగా వంతెన వైపు కదిలారు. సూర్యారావుగారు పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు పోతున్నారు. ఎవరైనా తగులుతారేమోనన్న భయంతో నేను భవాని రెక్క గట్టిగా పట్టుకుని నడిపించబోయాను. ఆమె ఆగిపోయింది.

"వదలండి సార్."

వదిలాను.

"మీరు నన్ను పట్టుకోకూడదండీ. నేనే మిమ్మల్ని పట్టుకోవాలి. ఫోనులో చెప్పారు విశాఖవాళ్ళు." ఆమె చెయ్యి గాలిలో వెతికి నా మోచెయ్యి దొరకబుచ్చుకుంది. "మీరొక అడుగు ముందు నడవండి, చాలు. ఏదొస్తే అది చెప్పండి. ముందే చెప్పండి, తగిలాక కాదు."

నడిచాను. వంతెన దగ్గరికి వచ్చాం.

"మెట్లమ్మా" అన్నాను. "పైకి. చాలా ఉన్నాయి."